ప్రశ్నకో టోస్టీ

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి
చర్చి వంటింట్లో ఆరు టోస్టర్లు వేడెక్కుతాయి.
మేం పంచే కరపత్రం మీద రెండే ముక్కలు:
దేవుడి గురించి ఒక ప్రశ్న మెసేజ్ పెట్టండి.
జవాబు, చీజ్ టోస్టీ, రెండూ మీ గుమ్మానికే.

డండీలో అక్టోబరు గాలికి మొహమాటం లేదు.
టే నది మీంచి తిన్నగా లేచొచ్చి
గొడుగుని వెనక్కి విరిచి చేతికిస్తుంది.
ఎర్ర సంచిలో రేకు కాగితం పొట్లాలు మోస్తూ
నేనూ, లాగోస్ పిల్ల ఇఫెయిన్వా,
ఒక హాస్టల్ మెట్లు దిగి ఇంకో హాస్టల్ మెట్లెక్కుతాం.

డైనోసార్లు ఓడ ఎక్కాయా?
మీ దేవుడికి హామ్ ఇష్టమేనా?
(వీడికి కావాల్సింది జవాబు కాదు, తెలుస్తూనే ఉంది.)
మా అమ్మమ్మ బుద్ధుడికి మొక్కేది, ఆవిడిప్పుడు ఎక్కడుంది?
అలా అడిగిన యుతోంగ్
తలుపు గొలుసు సందులోంచి టోస్టీ అందుకుంది,
జవాబు అడగలేదు.
బతికిపోయాను. నా దగ్గర లేదు.

పదకొండూ ఇరవైకి ఆఖరి మెసేజ్:
మా అన్న ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు.
దీనికి మీ దగ్గర ఏమైనా ఉందా?
ఉల్లిపాయ కూడా వెయ్యండి.

అతనుండేది పాత జూట్ మిల్లులో.
ఇప్పుడది స్టూడెంట్ ఫ్లాట్లు, లిఫ్టు, నీలం కార్పెట్.
గుమ్మంలో ఆగి గాలి పీల్చాను, అలవాటు కొద్దీ.
నార వాసన లేదు.
నెల్లిమర్ల మిల్లులో ఇరవై రెండేళ్లు
అదే దుమ్ము దగ్గినవాడు మా నాన్న.
లాకౌట్ రోజుల్లో గేటు ముందు పాస్టరుగారు ప్రార్థన చేస్తే
గేటు తెరుచుకోలేదు.
నాన్న ఆమెన్ మాత్రం అందరికంటే గట్టిగా అన్నాడు.

ఫెర్గస్ తలుపు తీశాడు. కాళ్లకి రెండు రంగుల సాక్సులు.
మొరాగ్ మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది:
పేపర్ నాప్కిన్ మీద ఇటు మనిషి, అటు దేవుడు,
నడుమ అగాధం, దాని మీద వంతెన.
మూడు నిమిషాలు చాలు.
కలం మూత తీశాను. మనిషిని గీశాను. అగాధాన్ని గీశాను.
అప్పుడు చెప్పాడతను:
"ఆ ఫోన్ వంతెన మీంచే చేశాడు."

కలానికి మూత పెట్టాను.
నాప్కిన్ మీద ఒడ్డున నిలబడ్డ
ఆ గీతల మనిషిని ఎటు తిప్పి దాచాలో తెలియలేదు.
ఇఫెయిన్వా ఏమీ అనలేదు.
సంచి కింద పెట్టి, మెట్టు మీద కూర్చుని, పక్కకి జరిగింది.
ముగ్గురం కూర్చున్నాం.
అతను టోస్టీ విరిచి మాకో ముక్క పెట్టాడు.
మా టోస్టీ మాకే.
చీజ్ తీగలా సాగి, తెగడానికి చాలాసేపు పట్టింది.

శనివారం రిపోర్టు నింపాలి.
టోస్టీలు: నలభై ఒకటి.
సంభాషణలు: తొమ్మిది.
ప్రభువుని అంగీకరించినవారు: ఆ గడి దగ్గర
కలం కాసేపు ఊరికే నిలబడింది.
మొరాగ్ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని,
ఏమీ దిద్దలేదు.

ఇక ఊరికి ఉత్తరం బాకీ.
వంటకి ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం పక్కకి తీసి,
ఆదివారం చర్చిలో కుమ్మరించి, అమ్మి,
ఆ డబ్బు నెలనెలా నాకు పంపే స్త్రీల సమాజానికి.
ఏం రాయను?
ఎన్ని ఆత్మలమ్మా అంటుంది సంతోషమ్మత్త, ఆవిడకి లెక్క కావాలి.
మూడు కాగితాలు చింపి, నాలుగోదాని మీద రాశాను:
అత్తా, ఈ నెల మీ బియ్యం
ఒక ఉల్లిపాయ అయింది.
ఎవరి కోసమో చెప్పను. ప్రార్థన చెయ్యండి.

మళ్లీ శుక్రవారం. టోస్టర్లు వేడెక్కుతున్నాయి.
అదే నంబరు.
ఈసారి ప్రశ్నేమీ లేదు. వస్తారా?